అవార్డుకు వయసు లెక్క ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

మా యూనివర్సిటీలో పరిశోధనకిచ్చే అవార్డు ఇన్నాళ్లూ ఒక్కటే ఉండేది. వ్యవస్థాపక దినోత్సవం నాడు శాలువా, మెమెంటో, ప్రశంసాపత్రం, చిన్న చెక్కు. అందుకున్నవాళ్ల ఫొటోలు పరిపాలనా భవనం మెట్ల పక్కన వరసగా తగిలించి ఉంటాయి. ఒకరిద్దరు తప్ప అందరూ సీనియర్ ప్రొఫెసర్లే, అందులోనూ ఎక్కువమంది కెమిస్ట్రీవాళ్లు. వాళ్లలో చాలామంది దగ్గర నేను పని నేర్చుకున్నాను, వాళ్ల కృషి మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ ఫొటోల్లో ముప్ఫైల్లో ఉన్న మొహం ఒక్కటీ లేదు. ఈ ఏడాది వీసీగారు ఆ అవార్డును మూడు చేశారు. కొత్తగా చేరినవాళ్లకు ఒకటి, సర్వీసు మధ్యలో ఉన్నవాళ్లకు ఒకటి, రిటైర్మెంట్ దగ్గరపడ్డ పెద్దలకు ఒకటి. నియమాలు రాసే కమిటీలో నన్ను కూడా వేశారు. స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని కాబట్టి మార్కుల పట్టిక నా వంతు అయింది.

ఒక్క అవార్డే ఉంటే అది ఎవరికి వెళ్తుందో చెప్పడానికి పెద్ద స్టాటిస్టిక్స్ అక్కర్లేదు. పేపర్ల సంఖ్య, సైటేషన్లు (ఆ పేపర్లను ఇతరులు ఉదహరించిన లెక్క), ఈ రెండిటినీ కలిపి చూసే హెచ్-ఇండెక్స్, ఈ మూడూ పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. ఒకరి పేపర్లలో ఇరవైకి, ఒక్కోదానికి కనీసం 20 సైటేషన్లు వచ్చి ఉంటే హెచ్-ఇండెక్స్ 20. రేపటి నుంచి ఆ మనిషి ఒక్క వాక్యం రాయకపోయినా అది 20 కంటే దిగదు. పాత పేపర్లను ఎవరో ఒకరు ఉదహరిస్తూ ఉంటే ఇంకా పైకే పోతుంది. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్నవారినీ మూడేళ్ల సర్వీసు ఉన్నవారినీ పక్కపక్కన నిలబెట్టి ఆ అంకె అడిగితే మనకు తెలిసేది చాలావరకు సర్వీసే. 2005లో ఈ కొలతను ప్రతిపాదించిన భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ఈ సంగతి అదే వ్యాసంలో పట్టించుకున్నాడు. మొదటి పేపర్ వచ్చి ఎన్నేళ్లయిందో ఆ అంకెతో హెచ్-ఇండెక్స్‌ను భాగించి చూడమన్నాడు. ఇప్పుడు మనవాళ్ల బయోడేటాలన్నిటిలోనూ హెచ్-ఇండెక్స్ ఉంది. ఆ భాగహారం మాత్రం నాకు ఒక్కదాంట్లోనూ కనబడలేదు.

ఇంకో ఉదాహరణ చెప్తాను. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్ బృందం సైటేషన్ల ఆధారంగా ఏటా ఇచ్చే శాస్త్రవేత్తల జాబితా రాగానే జిల్లా పేజీల్లో 'టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్' అని వార్తలొస్తాయి, గేటు దగ్గర ఫ్లెక్సీలు వెలుస్తాయి. నిజానికి అవి రెండు జాబితాలు. ఒకటి కెరీర్ మొత్తానికి, రెండోది ఒక్క ఏడాదికి. ఈ మధ్యే పని మొదలుపెట్టినవాళ్లు రెండోదాంట్లోకి రాగలరు గానీ మొదటిదాంట్లోకి రావడం చాలా కష్టం. ఫ్లెక్సీ మీద ఏ జాబితానో ఉండదు. చదివేవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. మా కమిటీ మొదటి మీటింగులో నేను అడిగింది ఇదే: ఎవరు ఏ జాబితా చూపించినా అది ఏదో రాయించాలని. ఒప్పుకున్నారు.

దశలవారీగా గుర్తించడం మన దేశానికి కొత్తేమీ కాదు. ఇన్సా (భారత జాతీయ సైన్స్ అకాడమీ) యువ శాస్త్రవేత్తల పతకాలు 1974లోనే మొదలయ్యాయి. శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతికి 45 ఏళ్ల పరిమితి ఉండేది. 2023లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాల్లో ఆ పేరును 'విజ్ఞాన్ యువ' విభాగానికి పెట్టి అదే పరిమితి కొనసాగించారు. దాని పైన విజ్ఞాన్ శ్రీ, జీవితకాల కృషికి విజ్ఞాన్ రత్న, బృందాలకు విజ్ఞాన్ టీమ్. 2024 ఆగస్టులో తొలిసారి 33 పురస్కారాలు ఇచ్చినప్పుడు రత్న బయోకెమిస్ట్ గోవిందరాజన్ పద్మనాభన్‌కు, టీమ్ పురస్కారం చంద్రయాన్-3 బృందానికి దక్కాయి. యూజీసీ కూడా 2022 ఉపాధ్యాయ దినోత్సవం నాడు కొత్తగా చేరిన అధ్యాపకులకు డి.ఎస్. కొఠారి పేరుతో ఒక గ్రాంటు, సర్వీసులో ఉన్నవాళ్లకు ఒకటి, రిటైరైనవాళ్లకు నెలకు 50,000 రూపాయల ఫెలోషిప్ ప్రకటించింది. మొదటి రెండూ 10 లక్షలేసి. యూజీసీ కొఠారి గ్రాంటులో నాకు నచ్చిందేమిటంటే 'యువ' అనకుండా 'కొత్తగా చేరిన' అన్నారు. మా కమిటీలో అసలు గొడవంతా ఈ తేడా దగ్గరే వచ్చింది.

మా డ్రాఫ్టులో మొదటి అవార్డుకు '35 ఏళ్ల లోపు' అని ఉంది. దాన్ని రాసిన సీనియర్ సార్ ఉద్దేశం మంచిదే. "పిల్లలకు ప్రోత్సాహం ఉండాలి మేడమ్, లేకపోతే వీళ్లంతా ఐఐటీలకు పోతారు" అన్నారు. ఆయన మనసులో ఉన్న మనిషి నాకూ తెలుసు. ఫిజిక్స్‌లో ఉంటాడు, మంచి సంస్థలో పీహెచ్‌డీ చేసి, విదేశాల్లో పోస్ట్‌డాక్ చేసి వచ్చాడు, ల్యాబ్‌లో దీపం ఆరదు. అతనికి అవార్డు రావాలని నాకూ ఉంది.

నా ముందున్న రెండో ఫైలు బాటనీలో పనిచేసే ఒకామెది. నలభై నాలుగేళ్లు. రెగ్యులర్ పోస్టులో చేరి మూడేళ్లే అయింది. అంతకు ముందు చాలాకాలం ఇదే డిపార్ట్‌మెంట్‌లో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పింది. ఏటా వేసవిలో జీతం ఆగిపోవడం, జూన్‌లో మళ్లీ రెన్యువల్ ఆర్డర్ కోసం సెక్షన్ చుట్టూ తిరగడం. ఆమె పని తూర్పు కనుమల గడ్డి జాతుల మీద. ఫైలులో తొమ్మిది పేపర్లు ఉన్నాయి. వాటితోపాటు హెర్బేరియం షీట్ల (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే అట్టల) ఫొటోలు కొన్ని జతచేసింది. నాకు బాటనీ రాదు. అయినా ఆ షీట్లను చాలాసేపు చూశాను. పాత న్యూస్‌పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టిన గడ్డి, వేరు నుంచి కంకి దాకా విరగకుండా, సన్నని తెల్లదారంతో నాలుగు చోట్ల కుట్టి ఉంది. కింద కుడివైపు లేబుల్ మీద చేత్తో రాసిన వివరాలు: సేకరించిన చోటు, ఎత్తు, తేదీ, పక్కన ఏయే మొక్కలున్నాయి, కంకి రంగు ఎండక ముందు ఎలా ఉంది. తేదీలన్నీ దాదాపు ఆదివారాలే. ఎందుకని అడిగితే, కాంట్రాక్టువాళ్లకు ఫీల్డ్ వర్క్‌కు ఆన్ డ్యూటీ ఇచ్చేవారు కాదు మేడమ్, శనివారం రాత్రి బస్సెక్కి పాడేరో మారేడుమిల్లో వెళ్లి సోమవారం ఫస్ట్ అవర్‌కి వచ్చేసేదాన్ని అంది. ఫిర్యాదులా చెప్పలేదు. నేను అడిగాను కాబట్టి చెప్పింది.

ఆ ఏళ్లలో ఆమెకు గైడ్‌షిప్ లేదు, అంటే తన కింద పీహెచ్‌డీ చేసే స్కాలర్లు లేరు. ప్రాజెక్టుకు దరఖాస్తు చేయాలంటే ప్రాజెక్టు నడిచినన్నాళ్లూ ఈమె సర్వీసులో ఉంటుందని రిజిస్ట్రార్ సంతకం కావాలి. ఏడాది ఆర్డర్ మీద ఉన్న మనిషికి మూడేళ్ల హామీ ఎవరూ ఇవ్వరు. స్కాలర్లు, గ్రాంటు, ల్యాబు ఏవీ లేకుండా తొమ్మిది పేపర్లు, అందులో చాలావరకు ఒక్క పేరుతోనే. '35 లోపు' అనే నియమం ప్రకారం ఆమె మొదటి అవార్డుకు అర్హురాలు కాదు. రెండోదాంట్లో పదిహేనేళ్లుగా గ్రాంట్లు తెచ్చుకుంటున్నవాళ్లతో పోటీపడాలి. అక్కడ ఆమె ఫైలు మొదటి వడపోతలోనే పోతుంది. పుట్టినతేదీ సర్టిఫికెట్ ఒక మనిషి ఎంతకాలం బతికిందో చెబుతుంది. పరిశోధన చేసే అవకాశం ఎంతకాలం చేతికొచ్చిందో చెప్పదు. నా సబ్జెక్టులో ప్రమాదాల రేటు లెక్కించేటప్పుడు ఒక్కొక్కరూ ఎన్నాళ్లు ఆ పరిస్థితిలో ఉన్నారో ఆ కాలంతో భాగిస్తాం, వయసుతో కాదు. మీటింగులో ఇదే బోర్డు మీద రాసి చూపించాను.

వయసు గీత ఎంత గట్టివాళ్లను వదిలేస్తుందో లెక్కలవాళ్లందరికీ తెలిసిన కథ ఉంది. గణితంలో పెద్ద గౌరవమైన ఫీల్డ్స్ మెడల్‌కు 40 ఏళ్ల పరిమితి. ఫెర్మా చివరి సిద్ధాంతం రుజువులో దొరికిన లోపాన్ని 1994లో సరిచేసి పూర్తిచేసేసరికి ఆండ్రూ వైల్స్‌కు 41. మూడు శతాబ్దాలు దాటిన సమస్య తేల్చినవాడికి మెడల్ ఇవ్వలేకపోయారు. 1998లో ప్రత్యేకంగా ఒక వెండి ఫలకం ఇచ్చి గౌరవించారు. ఇక యీతాంగ్ జాంగ్ సంగతి. పీహెచ్‌డీ తర్వాత సరైన ఉద్యోగం దొరక్క కొన్నాళ్లు శాండ్‌విచ్ షాపులో కూడా పనిచేసి, ఆ తర్వాత న్యూహాంప్‌షైర్ యూనివర్సిటీలో లెక్చరర్‌గా పాఠాలు చెప్పుకుంటూ, యాభై దాటాక 2013లో ప్రధాన సంఖ్యల మధ్య దూరం మీద ఎవరూ ఊహించని ఫలితం తేల్చాడు. 7 కోట్ల లోపు తేడాతో ఉండే ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయని. అప్పుడు వచ్చాయి ప్రొఫెసర్ పదవి, కోల్ ప్రైజు, మెకార్థర్ ఫెలోషిప్. మన లెక్క ప్రకారం అతను 'ఎర్లీ కెరీర్' అంటే ఎవరూ నమ్మరు, నిజానికి అంతే.

యూరోపియన్ రిసెర్చ్ కౌన్సిల్ 2007లో గ్రాంట్లు మొదలుపెట్టినప్పటి నుంచీ పీహెచ్‌డీ తేదీని మూలంగా పెట్టుకుంది. మొదటి దశ గ్రాంటుకు పీహెచ్‌డీ తర్వాత 2 నుంచి 7 ఏళ్లు, తర్వాతి దశకు 7 నుంచి 12 ఏళ్లు అనే పద్ధతి చాలాకాలం నడిచింది. తల్లయిన పరిశోధకులకు ఒక్కో బిడ్డకు 18 నెలల చొప్పున గడువు పెంచుతారు. ఇది మీటింగులో చెప్పినప్పుడు ఇద్దరు మగ సభ్యులు నోట్ చేసుకున్నారు, నాకు సంతోషమేసింది.

అయితే పీహెచ్‌డీ తేదీ కూడా అన్ని చోట్లా పనికిరాదు. నేను వాల్తేరులో ఎమ్మెస్సీ చదివే రోజుల నుంచీ మాకు ఆరాధ్యుడు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. ఆంధ్రా యూనివర్సిటీలోనే మ్యాథ్స్ ఎం.ఎ. చేసి కలకత్తా వెళ్లారు. అక్కడ క్లాసు చెబుతుండగా ఒక విద్యార్థి, తర్వాత ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకున్న వి.ఎం. దండేకర్, అంచనాల కచ్చితత్వం గురించి పెద్ద శాంపిల్స్‌కు బ్రిటిష్ స్టాటిస్టీషియన్ ఫిషర్ చెప్పిన ఫలితం చిన్న శాంపిల్స్‌కు కూడా నిలుస్తుందా అని అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని తేల్చినదే 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన పేపరు. ఇవాళ ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే ప్రతి పిల్లాడూ నేర్చుకునే క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ అందులోవే. అప్పటికి ఆయన పాతికేళ్ల కుర్రాడు, పీహెచ్‌డీ లేదు. కేంబ్రిడ్జి పీహెచ్‌డీ 1948లో వచ్చింది. పీహెచ్‌డీ నుంచి లెక్క మొదలుపెడితే ఆయన జీవితంలోని అతి గొప్ప పేపర్ మన దరఖాస్తు ఫారంలో పట్టదు!

ఆయనకు 1963లో భట్నాగర్ బహుమతి వచ్చింది. 2002లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ అందుకున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. దానికి ముఖ్య కారణంగా చూపించింది ఆ 1945 నాటి పేపరే. పేపరుకూ ప్రైజుకూ మధ్య 78 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. అందరూ ఈ ఆఖరి బహుమతి గురించే రాశారు గానీ నా దృష్టిలో ఆయనకు దక్కిన మొదటి గుర్తింపు వేరు. పేపరొచ్చిన మరుసటి ఏడాదే కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ ఆ కుర్రాణ్ని నమ్మి కేంబ్రిడ్జికి పంపారు. పతకాలేవీ లేవు, చేతినిండా పని ఇచ్చారు.

ఆ నమ్మకం దొరకని తెలుగువాడూ మనకున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద 1925లో ఫిస్క్‌తో కలిసి ఆయన రాసిన పేపరును బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో దశాబ్దాలపాటు వాడారు. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఫ్యాకల్టీ పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు, 1948లో పోయారు. మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది 1995లో. కొత్తగా వచ్చినవాళ్ల అవార్డు గురించి ఎవరు తేలిగ్గా మాట్లాడినా నాకు ఆయనే గుర్తొస్తారు. అందుకే మొదటి అవార్డులో శాలువా కంటే ముందు డబ్బు గురించి పట్టుబట్టాను. అది కూడా చెక్కు రూపంలో కాదు. కెమికల్స్, ప్రయాణాలు, సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనుక్కునేలా డిపార్ట్‌మెంట్ ఖాతాలో వేసి, ప్రతి బిల్లుకూ ఫైలు మూడు సెక్షన్లు తిరగకుండా హెచ్‌ఓడీ సంతకంతో ఖర్చుపెట్టుకునే వీలుండాలి. ఫైనాన్స్ ఆఫీసర్‌గారు ఒక పరిమితి పెట్టి ఒప్పుకున్నారు.

మధ్య దశ గురించి ఎవరికీ పెద్ద ఉత్సాహం లేదు, కానీ పరిశోధన ఎక్కువగా ఎండిపోయేది అక్కడే. నలభై దాటాక హాస్టల్ వార్డెన్, ఎగ్జామినేషన్ కోఆర్డినేటర్, యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే నాక్ ఫైళ్లు, సిలబస్ చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్, అడ్మిషన్ల కౌన్సెలింగ్, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇంట్లో పిల్లలు ఇంటర్‌లో ఉంటారు, పెద్దవాళ్లకు ఆసుపత్రులు మొదలవుతాయి. నాకూ అంతే జరిగింది. అప్పట్లో రాత్రి పదకొండు తర్వాత తప్ప నా లెక్కలు నేను ముట్టుకున్నది లేదు. కాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్) కింద ప్రమోషన్ ఫైలు కదలడానికి పాయింట్లు కావాలి కాబట్టి చాలామంది ఈ దశలో గబగబా ఏదో ఒక పేపర్ వేసి పాయింట్లు కూడబెడతారు. వాళ్లను తప్పుపట్టను. యూజీసీ 2018 నియమాల్లో సైన్స్ పేపర్‌కు 8 పాయింట్లు. ఆ పేపర్ ఎనిమిది నెలలు పట్టినా ఎనిమిది రోజులు పట్టినా అవే ఎనిమిది. ఇలాంటి మనిషికి ఇంకో మెమెంటో వల్ల ఉపయోగం లేదు, తీరిక కావాలి. అవార్డు వచ్చినవాళ్లకు ఒక సెమిస్టర్ పాఠాలు సగానికి తగ్గించాలి, ఏడాదిపాటు ఏ అదనపు బాధ్యతా వేయకూడదు అని రాశాం. సగం పోస్టులు ఖాళీగా ఉంటే ఆ పాఠాలు ఎవరు చెబుతారని ఒక హెచ్‌ఓడీ అడిగారు. న్యాయమైన ప్రశ్న. గెస్ట్ ఫ్యాకల్టీ ఖర్చును అవార్డు నిధిలో కలిపాం.

పెద్దల అవార్డు త్వరగా తేలింది. సీనియర్ల దగ్గర పేపర్ల సంఖ్య అడగొద్దని అందరం అనుకున్నాం. వాల్తేరులో కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌ను నిలబెట్టిన టి.ఆర్. శేషాద్రి గారికి 1960లో రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చింది. కానీ ఇప్పటికీ పాతవాళ్లు ఆయన పేరెత్తితే చెప్పేది ఆయన తయారుచేసిన శిష్యుల గురించి. అందుకని ముగ్గురు పాత స్కాలర్లు స్వయంగా రాసిన ఉత్తరాలు అడుగుతున్నాం, గైడ్ చూడకుండా నేరుగా కమిటీకి వచ్చేలా. నా వరకు ఈ మొత్తం నియమాల్లో బాగా కుదిరింది ఇదే.

ఇక మొదటి అవార్డు సంగతి. '35 లోపు' తీసేశారు. 'మొదటి రెగ్యులర్ నియామకం నుంచి ఏడేళ్ల లోపు, ప్రసూతి సెలవులూ దీర్ఘకాల వైద్య సెలవులూ మినహాయించి' అని మార్చారు. బాటనీ ఆమె ఇప్పుడు అర్హురాలు, ఫిజిక్స్ అబ్బాయి కూడా. ఇద్దరిలో ఎవరికి వచ్చినా నేను నిండు మనసుతో చప్పట్లు కొడతాను.

అయినా ఒకటి మిగిలిపోయింది. 'రెగ్యులర్ నియామకం' అనే మాట ఉన్నంతకాలం ఇవాళ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు ఏ దశలోనూ లేనట్టే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నియామకాలు ఏళ్ల తరబడి జరగక యూనివర్సిటీల్లో పాఠాలు నడుస్తున్నది చాలావరకు వాళ్ల మీదే. వాళ్లలో పేపర్లు రాసేవాళ్లున్నారు, పుస్తకాలు వేసేవాళ్లున్నారు, జర్నళ్ల కోసం ఇతరుల పేపర్లు పరిశీలించి రిఫరీ రిపోర్టులు రాసేవాళ్లున్నారు. యూనివర్సిటీ పేరు ఆ పేపర్ల మీద పడుతుంది, ర్యాంకింగులకు పంపే లెక్కలో ఆ పేపర్లు చేరతాయి. అవార్డు దరఖాస్తు మాత్రం వాళ్ల నుంచి తీసుకోరు. కమిటీ దీని మీద ఎటూ తేల్చలేకపోయింది. సర్వీస్ రూల్స్ అడ్డొస్తాయని, కోర్టు కేసుల్లో ఈ అవార్డును సాక్ష్యంగా చూపిస్తారని భయం. ఆ భయం నాకు సబబుగా అనిపించలేదు. అవార్డు ఇచ్చేది చేసిన పనికి, ఉద్యోగ హోదాకు కాదని నియమంలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

వచ్చే ఈసీ (ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్) మీటింగ్ అజెండాలో పెట్టమని విడిగా ఒక నోట్ రాసిచ్చాను. కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులు మొదటి అవార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చని, ఫీల్డ్ వర్క్‌కు వాళ్లకూ ఆన్ డ్యూటీ ఇవ్వాలని, యూనివర్సిటీ సొంత నిధులతో నడిచే చిన్న ప్రాజెక్టుల్లో వాళ్లను కో-ఇన్వెస్టిగేటర్లుగా తీసుకోవాలని అందులో అడిగాను. వేరే యూనివర్సిటీలో ఇలాంటిది ఇప్పటికే అమల్లో ఉందని చూపిస్తే పని తేలికవుతుందని రిజిస్ట్రార్‌గారు అన్నారు. మీరు పనిచేసే చోట కాంట్రాక్టువాళ్లకు పరిశోధన అవార్డు ఇచ్చే నియమం కానీ సర్క్యులర్ కానీ ఉంటే దయచేసి నాకు ఒక కాపీ పంపండి, ఆ నోట్‌కు జతచేస్తాను.